సైకిల్ నాటకానికి వన్స్‌మోర్

షాంటిలీ, వర్జీనియా
సెప్టెంబర్ 9, 1984

రాధా,

వదిన ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటా అని కంగారుపడకు. అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే మీ అన్నయ్య బెడ్‌రూమ్‌లో ఉన్న రెండో ఫోన్ ఎత్తి, "రాధా, అక్కడ చలి మొదలైందా? స్వెటర్ కొనుక్కున్నావా?" అంటూ మధ్యలో దూరతారు. ఆయన దూరాక నేను "ఆఁ, ఊఁ" అనడం తప్ప చేసేదేముంది? ఈ గొడవ ఆయన గురించే కాబట్టి స్టాంపు అంటిస్తున్నాను.

నాకు ఉద్యోగం వచ్చింది. వచ్చీ రానట్టు వచ్చింది. హెర్న్‌డన్ దగ్గర బావుల నీళ్ళు పరీక్షించే ల్యాబ్ ఒకటుంది. పేపర్‌లో ప్రకటన చూసి అప్లై చేశాను. ఇంటర్వ్యూకి మీ అన్నయ్యే తీసుకెళ్ళారు, గుడికి తీసుకెళ్ళినట్టు. గుంటూరులో కాలేజీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి చెప్పి గొంతు అరగదీసుకున్నదాన్ని కదా, వాళ్ళడిగినవన్నీ టకటకా చెప్పేశాను. అక్కడి పెద్దావిడ మిసెస్ డోనొవన్ ముచ్చటపడి జనవరి నుంచి రమ్మంది. ఒక్కటే షరతు పెట్టింది. పల్లెల్లో తిరిగి బావుల దగ్గర నీళ్ళు పట్టుకురావడం కూడా ఆ పనిలో భాగమే కనక, జనవరికల్లా డ్రైవింగ్ లైసెన్స్ ఉండాలట. లేకపోతే ఇంకొకరిని చూసుకుంటుంది.

అక్కడ ఆగింది బండి. మీ అన్నయ్య నాకు డ్రైవింగ్ నేర్పించరు. వద్దని అన్నా బాగుండును, దెబ్బలాడేదాన్ని. "నేర్పిస్తాలే సుమతీ, తొందరేముంది" అంటారు. ఎండాకాలం టూరిస్టుల ట్రాఫిక్ అన్నారు. వానొస్తే రోడ్లు జారతాయన్నారు. ఇప్పుడు ఆకులు రాలుతాయి, ఆకుల మీద బ్రేకులు పడవట. తర్వాత ఎలాగూ మంచు. ఈ దేశంలో ఆడది స్టీరింగ్ పట్టుకోవడానికి పంచాంగంలో ముహూర్తమే లేదు. డ్రైవింగ్ స్కూల్‌కి ఫోన్ చేస్తానంటే, "ఇంట్లో నేనుండగా పరాయివాళ్ళెందుకు?" అని మొహం ముడుచుకున్నారు. ఆయనేమో తనతో పనిచేసే భాస్కర్ గారి కార్‌లో ఆఫీస్‌కి పోతారు. మా కారు పొద్దస్తమానం ఇంటి ముందే పడి ఉంటుంది. దాన్ని తుడిచే ఉద్యోగం మాత్రం నాదే.

ఇంకో పని కూడా పడింది. ఈసారి తెలుగు సంఘానికి కల్చరల్ సెక్రటరీని నేనే. నవంబర్ పదో తారీఖున దీపావళి ఫంక్షన్, స్కూల్ ఆడిటోరియం బుక్ చేశాం. ఒక నాటకం కావాలి. నువ్వు స్వాహిలీ నాటకాల మీద పీహెచ్‌డీ చేస్తున్నావు కదా, మాకు పనికొచ్చేది ఏదైనా ఉందా? నీ చదువేమిటని ఎవరైనా అడిగితే మీ అన్నయ్య "ఆఫ్రికాలో ఏదో డెవలప్‌మెంట్" అని చెయ్యి తిప్పుతున్నారు. నాకైనా సరిగ్గా చెప్పు.

మీ వదిన
సుమతి


మాడిసన్, విస్కాన్సిన్
సెప్టెంబర్ 17, 1984

వదినా,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత ఒళ్ళు మండింది. నాకు మా ఊరి రోడ్డు మీద సైకిల్ నేర్పింది అన్నయ్యే కదా! నేను పడ్డ ప్రతిసారీ "లే, ఏం కాలేదు" అని మళ్ళీ ఎక్కించినవాడికి, పెళ్ళాం దగ్గరికొచ్చేసరికి ఈ రోగమేమిటి?

నా చదువు సంగతి చెప్తాను. టాంజానియాలో స్వాహిలీలో హాస్య నాటకాలు ఆడే బృందాలున్నాయి. వాళ్ళకి రాసిన డైలాగులుండవు. కథ అనుకుని, స్టేజీ ఎక్కి, నోటికొచ్చినట్టు మాట్లాడతారు. జనం ఊరుకోరు. "వాణ్ణి నమ్మకు, అబద్ధాలకోరు!" అని కింద నుంచి అరుస్తారు. ఈ పద్ధతినే పట్టుకుని కొందరు పల్లెల్లో అక్కడి సమస్యల మీదే నాటకం కట్టిస్తున్నారు. తగువు ముదిరినచోట నాటకం ఆపి, "ఇప్పుడేం చేద్దాం, మీరు చెప్పండి" అని ఊరినే అడుగుతారు. కావాలంటే చూసేవాళ్ళు పైకొచ్చి పాత్ర తీసుకోవచ్చు. నేను పనిచేసిన ఊరికి ఒకసారి సినిమా వ్యాన్ కూడా వచ్చింది. శుభ్రంగా ఉండమని చెప్పే స్వాహిలీ సినిమా వేశారు. అందులో రైతు బూట్లేసుకుని పొలంలో దిగాడు. ఊరంతా ఆ బూట్ల గురించే నవ్వుకుని ఇళ్ళకి పోయింది. సినిమాని ఆపి "నీకు బూట్లెక్కడివిరా?" అని అడగలేం కదా. నాటకాన్ని అడగొచ్చు.

ఆ ఊళ్ళో ఆడిన నాటకం నీకు సరిపోతుంది. బావి దూరం, ఆడవాళ్ళు నెత్తిన నీళ్ళు మోస్తారు. మగవాళ్ళకి సైకిళ్ళున్నాయి, కానీ అవి కబుర్లకి పోవడానికే. సైకిల్ పెళ్ళాం తొక్కొచ్చా, కూడదా అన్నదే తగువు. నాటకం ఆపి జనాన్ని అడిగారో లేదో, ముందు వరసలోంచి ఒక ముసలావిడ లేచొచ్చి, సైకిల్‌కి నీళ్ళ డబ్బా కట్టి, తోసుకుంటూ తిన్నగా ఇంటికి పట్టుకుపోయింది. సైకిల్ లేక నాటకం అక్కడితో ఆగిపోయింది. మా హమీసీ మాస్టారు ఆ కథ చెప్పినప్పుడల్లా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతారు. ఆయన దారెస్సలామ్‌లో ఇలాంటి బృందమే నడిపారు, ఇప్పుడిక్కడ మాకు స్వాహిలీ చెప్తున్నారు.

ఈ సైకిల్ నాటకం తెలుగులో ఆడండి. కథ టాంజానియాలోనే ఉంచండి. కారు మాట ఎత్తొద్దు.

రాధారాణి


షాంటిలీ
అక్టోబర్ 3, 1984

రాధా,

కొంప మునిగింది. భర్త వేషం ఎవరు వేస్తున్నారనుకున్నావు? మీ అన్నయ్యే.

కమిటీ మీటింగ్‌లో నేను కథ చెప్పడం ఆలస్యం, "హీరో ఎవరు?" అన్నారు. భర్తే ఎక్కువసేపు స్టేజీ మీద ఉంటాడని తెలియగానే "అయితే నేనే" అని చెయ్యెత్తారు. కాలేజీ రోజుల నుంచీ నాటకాలాడుతున్నా తనకి ఒక్క వన్స్‌మోర్ కూడా పడలేదని ఆయనకో దిగులు. ఇప్పుడు రోజూ అద్దం ముందు రిహార్సల్. ఎక్కడో యార్డ్ సేల్‌లో పాత సైకిల్ కొనుక్కొచ్చి హాల్లో పెట్టారు. నాకు చూపించి, "పాపం సుమతీ, ఆ దేశంలో ఆడవాళ్ళ బతుకు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది. ఇంట్లో బండి పెట్టుకుని ముట్టుకోనివ్వడా? ఏం మనుషులో!" అన్నారు. ఆ మాట అంటూ, మా కారు తాళాలు తన జేబులో వేసుకున్నారు. గురివింద తన కింది నలుపెరగదంటే ఇన్నాళ్ళూ సామెతే అనుకున్నాను.

భార్య వేషం మా సంఘంలోని నళినిది. కర్టెన్ లాగే పని నాది. ప్రాంప్టింగ్ శ్యామ్‌సుందర్ గారిది. ఆయన పరిషత్తు నాటకాల్లో తలపండినవారు. ఈ నాటకానికి రాసిన డైలాగులు లేవండీ అంటే, "ప్రాంప్టర్ లేకుండా నాటకమా? పెళ్ళికొడుకు లేని పెళ్ళిలా!" అని టార్చ్‌లైటు కూడా సిద్ధం చేసుకున్నారు.

నవ్వుతున్నావేమో, నాకు మాత్రం భయంగా ఉంది. ఆ లైసెన్స్ నాకు కావాలి. ల్యాబ్ గుర్తొస్తే అన్నం సయించడం లేదు. కానీ మీ అన్నయ్య నలుగురిలో నవ్వులపాలైతే ఆ ఉద్యోగం నాకొద్దు. నీ హమీసీ మాస్టారిని అడిగి చెప్పు.

సుమతి


షాంటిలీ
అక్టోబర్ 10, 1984

చి. రాధారాణికి,

అన్నయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన కథ అద్భుతంగా ఉంది. వెనకబడిన సమాజాలు కళ ద్వారా ఎలా మేలుకుంటాయో మనవాళ్ళకి తెలియాలి. నాటకానికి ముందు స్త్రీ స్వేచ్ఛ మీద నేనే ఒక చిన్న ఉపన్యాసం ఇద్దామనుకున్నాను. మీ వదిన ఎందుకో వద్దంటోంది. ఆవిడకి ఈ విషయాల మీద అంత పట్టు లేదు. సైకిల్ పట్టుకునే తీరు, తల మీద టోపీ, అన్నీ సహజంగా కుదిరాయి. ఆ భర్త మూర్ఖత్వం పట్టుకోవడానికే కొంచెం కష్టపడుతున్నాను, మన స్వభావంలో లేనిది కదా.

చలి మొదలైందా? స్వెటర్ కొనుక్కున్నావా?

జగన్మోహన్


మాడిసన్
అక్టోబర్ 16, 1984

వదినా,

అన్నయ్య ఉత్తరం కూడా వచ్చింది. చదివి మంచం మీద నుంచి దొర్లాను. నీకు పంపను, పంపితే మీ ఇంట్లో నాటకం ముందే మొదలవుతుంది.

నీ భయం మాస్టారికి చెప్పాను. ఆయన నవ్వలేదు. "భర్తని వెధవని చేస్తే నాటకం దండగ. చూసే భర్తలందరూ 'నేను అంత వెధవని కాదుగా' అనుకుని హాయిగా ఇంటికెళ్ళి పడుకుంటారు. అతనికీ ఒక కారణం ఉంటుంది. అది అతని నోటితోనే రావాలి. వచ్చేదాకా తొందరపెట్టకండి" అన్నారు. కాబట్టి నువ్వు అన్నయ్యని దెప్పకు, ఇరికించకు. నాటకాన్ని ఆపాల్సినచోట ఆపి, జనాన్ని అడగమని నళినికి చెప్పు. అంతే.

మీ నాటకం వారమే నాకు పరీక్ష ఉంది, రాలేను. ఏడుపొస్తోంది. అయితే మాస్టారు ఏదో సదస్సుకి వాషింగ్టన్ వస్తున్నారు, మీ ఫంక్షన్‌కి వస్తానన్నారు. ఇక్కడ యూనివర్సిటీలో స్వాహిలీ సినిమా వేసినప్పుడు మా క్లాసువాళ్ళందరూ కిక్కురుమనకుండా నోట్సు రాసుకుంటుంటే, "ఎవరైనా పోయారా?" అని అడిగారాయన. పక్కవాళ్ళతో మాట్లాడుకుంటూ చూసే మన జనాన్ని చూస్తే ఆయనకి ప్రాణం లేచొస్తుంది. తెలుగు రాదని బెంగపడకు. పులిహోర పెట్టు.

రాధ


షాంటిలీ
నవంబర్ 12, 1984

రాధా,

ఇది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. అక్షరాలు వంకర పోతున్నాయంటే, అందులో సగం సైకిల్ మీద నుంచి పడ్డందుకు.

నాటకం బాగానే మొదలైంది. మీ అన్నయ్య లుంగీ, టోపీతో వచ్చేసరికి చప్పట్లు. నళిని నెత్తిన డబ్బాతో వచ్చి సైకిల్ అడిగింది. ఈయన కుదరదన్నారు. తగువు ముదిరింది. అనుకున్నట్టే నళిని జనం వైపు తిరిగి, "మీరు చెప్పండి, ఈ సైకిల్ నేను తొక్కాలా, వద్దా?" అని ఆగింది.

మనవాళ్ళకి అలా అడిగితే జవాబు చెప్పడం అలవాటా, పాడా? డైలాగు మర్చిపోయిందనుకున్నారు. ముందు వరసవాళ్ళు జాలితో తలలు దించుకున్నారు. "పాపం, పిల్లతల్లి, ఎక్కడ గుర్తుంటుంది" అని ఎవరో అన్నారు. శ్యామ్‌సుందర్ గారు ఊరుకుంటారా! తెర వెనక నుంచి, "నాథా, నా తప్పు మన్నించండి!" అని అందించారు. నళిని కొరకొరా చూసింది. వినపడలేదేమోనని ఆయన ఇంకా గట్టిగా, "నాథా! నా తప్పు!" అని అరిచారు. హాలు గొల్లుమంది.

"నేను మర్చిపోలేదు శ్యామ్‌సుందర్ గారూ, నిజంగానే అడుగుతున్నాను!" అంది నళిని.

అప్పుడు లేచిందమ్మా మీనాక్షమ్మ గారు. భాస్కర్ గారి అమ్మ, వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ కొన్నాళ్ళు ఉంటోంది. "అడుగుతున్నవు గద బిడ్డా, తొక్కు! నీకు కాళ్ళు లెవ్వా? నా కొడుకు గిట్లనే, కోడలుకు నేర్పియ్యడు. ఉప్పు అయిపోతే ఐతారం దాక ఆగుమంటడు. నేను ఈ దేశం చూడనీకి వచ్చిన్నా, కిటికీ చూడనీకి వచ్చిన్నా?" అంది. భాస్కర్ గారు కుర్చీలోకి కుంగిపోయారు.

ఇంక కట్ట తెగింది. ఆడవాళ్ళందరూ ఒకటే గోల. మగవాళ్ళూ తగ్గలేదు. "ఇన్సూరెన్స్ ఎంత పెరుగుతుందో తెలుసా?" అని ఒకాయన లేచారు. "సైకిల్‌కి ఇన్సూరెన్సేమిటండీ?" అని వాళ్ళావిడే అడిగింది. "మంచులో జారితే ఎవరిది బాధ్యత?" అని ఇంకొకాయన. "టాంజానియాలో మంచెక్కడిదయ్యా?" అన్నారెవరో. "కిలిమంజారో మీద ఉంటుందిగా!" అని ఆయన తగ్గలేదు. హమీసీ గారికి ఒక్క ముక్క తెలుగు రాదు కదా, ఆ కిలిమంజారో ఒక్కటీ అర్థమై తొడ చరుచుకుని నవ్వారు.

మీ అన్నయ్య మాత్రం ఇంకా వేషంలోనే ఉన్నారు. "నేనున్నానుగా, ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకెళ్తానుగా" అని దర్జాగా అంటున్నారు. నళిని "నావల్ల కాదు, ఎవరైనా నా బదులు రండి" అంది. నేను తెర తాడు పట్టుకుని ఉన్నాను. నువ్వు దెప్పొద్దన్నావు, ఇరికించొద్దన్నావు. ఒట్టు, నేను అనుకుని వెళ్ళలేదు. తాడు వదిలేసి వెళ్ళి సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నాను. "నేర్పిస్తారా, నేర్పించరా?" అన్నాను.

నన్ను చూసి ఆయన మొహం మారిపోయింది. అప్పుడు అర్థమైంది ఆయనకి, తను ఎవరి వేషం వేశారో. తెర వెనక నుంచి "నేర్పిస్తాను దేవీ" అని మెల్లగా అందింది. ఆయన అందుకోలేదు. నన్నే చూస్తూ ఇలా అన్నారు.

"నువ్వు నేర్చుకుంటే పాలకీ, బియ్యానికీ, ఇక దేనికీ నన్ను అడగవు. నేనొచ్చేసరికి ఇంట్లో ఉండవు. ఆఫీసులో నా పేరు సగమే పిలుస్తారు. ఈ దేశంలో నాతో పనున్నది నీకొక్కదానికే."

రాధా, ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆ మాట అనలేదు.

వెనక వరసలోంచి ఈల పడింది. "వన్స్‌మోర్!"

వాళ్ళు డైలాగనుకున్నారు. హాలంతా అందుకుంది, వన్స్‌మోర్, వన్స్‌మోర్ అని. ఆయన జన్మంతా ఎదురుచూసిన వన్స్‌మోర్! స్టేజీ మీద ఉన్నవాడు వన్స్‌మోర్ పడితే మళ్ళీ చెప్పాల్సిందే కదా, అది మన ధర్మం. మళ్ళీ చెప్పారు. ఈసారి మెల్లగా, ఒక్కో మాటా తనే మొదటిసారి వింటున్నట్టు చెప్పారు. జనం మళ్ళీ వన్స్‌మోర్ అన్నారు. మూడోసారి "నువ్వు నేర్చుకుంటే" అని అక్కడే ఆగారు. శ్యామ్‌సుందర్ గారికి ఆ మాటలన్నీ అప్పటికి కంఠతా వచ్చేసి ఉంటాయి. అయినా ఆయన అందించలేదు.

నాకు ఏడుపాగలేదు. "పాలు అడగను. మిగతావన్నీ అడుగుతాను" అన్నాను.

ఆయన టోపీ తీసి పక్కన పెట్టి, సైకిల్ సీటు వెనక పట్టుకుని "ఎక్కు" అన్నారు. ఎక్కాను. నాకు సైకిల్ కూడా రాదు కదా, రెండు చుట్లు తిరిగి తెరలోకి దూసుకుపోయి, తెరా నేనూ సైకిలూ శ్యామ్‌సుందర్ గారి మీద పడ్డాం. దాంతో నాటకం సమాప్తం. ఆ పెద్దాయన తన నడుం పట్టుకుని, "ఇంత ఘనమైన క్లైమాక్స్ పరిషత్తులో కూడా చూళ్ళేదమ్మా" అన్నారు.

మర్నాడు పొద్దున లేచేసరికి మీ అన్నయ్య బూట్లేసుకుని కార్‌లో కూర్చుని ఉన్నారు, స్టీరింగ్ నాకు వదిలేసి కుడివైపు సీట్లో.

సుమతి


మాడిసన్
నవంబర్ 26, 1984

వదినా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ప్రతిసారీ కిలిమంజారో దగ్గర నవ్వు, ఆ తర్వాత ఏడుపు. నేనీ దేశం వచ్చిన దగ్గర్నుంచీ అన్నయ్య నన్ను అడిగేది ఒక్క స్వెటరే ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది, నాకు తను చేయగలిగింది అదొక్కటే మిగిలింది కదా.

మాస్టారు తిరిగొచ్చి క్లాసులో ఇదే కథ. "మా జనం పాత్రతో వాదిస్తారు. వీళ్ళున్నారే, మనిషి నోట నిజం వస్తే అది వాడికి వినపడేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పిస్తారు!" అని ఆశ్చర్యపోతున్నారు. ఇంతకీ, పులిహోర ఎలా చేస్తారో అడిగి రాయమన్నారు. డ్రైవింగ్ ఎందాకా వచ్చింది?

రాధ


షాంటిలీ
డిసెంబర్ 20, 1984

రాధా,

పాసయ్యాను! మొదటిసారి తప్పాను. అదీ నా తప్పు కాదు, పక్కన పరీక్ష పెట్టేవాడు ఉన్నా సరే, మీ అన్నయ్య బయట నిలబడి నా కోసం గాల్లో బ్రేకు తొక్కుతున్నారు. ఆయన్ని చూసి నేనూ తొక్కేశాను. రెండోసారి ఆయన్ని ఇంట్లో ఉంచి, భాస్కర్ గారినీ వాళ్ళావిడ విద్యనీ వెంటబెట్టుకుని వెళ్ళాను. మీనాక్షమ్మ గారు కూడా వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. విద్యకీ భాస్కర్ గారు నేర్పడం మొదలెట్టారు, మీనాక్షమ్మ గారు పక్కనే ఉండి నేర్పిస్తోంది అనడం న్యాయం.

మిసెస్ డోనొవన్‌కి ఫోన్ చేశాను. జనవరి ఏడున రమ్మంది. మీ అన్నయ్య రెండో ఫోన్ ఎత్తారు. ఈసారి మధ్యలో దూరలేదు. నేను పెట్టేశాక లోపల నుంచి, "సుమతీ, టైర్లలో గాలి చూశాను" అన్నారు.

నీ వదిన


షాంటిలీ
జనవరి 30, 1985

చి. రాధారాణికి,

ఆశీస్సులు. మీ వదిన ఇవాళ లీస్‌బర్గ్ అవతల ఎక్కడికో నీళ్ళ కోసం వెళ్ళింది. ఐదున్నరకి వస్తానంది. ఇప్పుడు ఆరు దాటింది, పొద్దుటి నుంచి మంచు. ఏం తోచక ఇది రాస్తున్నాను.

ఈ ఇంట్లో కిటికీ దగ్గర నిలబడితే రోడ్డు ఆ మలుపుదాకానే కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఉన్నా నాకు తెలియదు. మలుపులో లైట్లు కనబడతాయి, మనదే అనుకుంటాం, కాదు, పక్కింటికి పోతాయి. మళ్ళీ లైట్లు కనబడతాయి. అన్నం వండాను. చారు కూడా పెట్టాను, ఉప్పు ఎక్కువైందనుకుంటా. రెండుసార్లు వెచ్చబెట్టాను. అది కూడా ఒక పనే అని తెలియదు. నేను ఆఫీస్ నుంచి ఆలస్యంగా వచ్చి "ట్రాఫిక్" అని ఒక్క మాట అనేసి కూర్చునేవాణ్ణి. ఆవిడ కంచం పెట్టేది. ఎన్నేళ్ళు అలా నిలబడిందో ఇక్కడ. ఎదురుచూసేవాళ్ళు లేకుండా పోతారని భయపడ్డానే తప్ప, ఎదురుచూడటం ఎలా ఉంటుందో నాకేం తెలుసు?

ఆగు. లైట్లు తిరిగాయి. మనదే. కారు సగం దారిలో, సగం గడ్డి మీద అడ్డదిడ్డంగా పెట్టింది. నేనేమీ అనను.

ఆవిడ దగ్గర తాళం ఉంది. అయినా తలుపు నేను తీస్తాను.

జగన్మోహన్